రాకెట్ లీగ్‌లో ర్యాంకు పెరగాలంటే ముందు నేల మీద గెలవండి

రాకెట్ లీగ్ అనే వీడియో గేమ్‌లో గోల్డ్, ప్లాటినం లాంటి మధ్య ర్యాంకుల్లో ఆగిపోయినవాళ్లు చాలామంది యూట్యూబ్‌లో ఫ్లిప్ రీసెట్ వీడియోలు చూస్తూ ఉంటారు. కారు గాల్లో తలకిందులై, నాలుగు చక్రాలూ బంతికి ఆనించి, అక్కడి నుంచే మళ్లీ ఫ్లిప్, అంటే గాల్లో పల్టీ, కొట్టి గోల్ వేస్తుంటే చూడ్డానికి అద్భుతంగానే ఉంటుంది. కానీ ఆ ర్యాంకుల్లో మనం ఓడిపోయేది ఆ విద్య రాక కాదు. ముందుకు దొర్లుతూ వచ్చే మామూలు బంతిని సరిగ్గా కొట్టలేక ఓడిపోతాం. ఒకే బంతి మీదికి మన జట్టులో ఇద్దరమూ వెళ్లి, వెనక గోల్ ఖాళీగా వదిలేసి ఓడిపోతాం. ఈ రెండూ సరిచేసుకుంటే డైమండ్ దాకా వెళ్లడానికి గాల్లో విన్యాసాలు అక్కర్లేదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ గైడ్‌లో ఏరియల్స్ (గాల్లోకి లేచి బంతిని కొట్టడం) గురించి చాలా ఆలస్యంగా, కొంచెమే ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం ఆట పరిచయం. అమెరికాలోని శాన్ డియాగోకు చెందిన సయానిక్స్ అనే స్టూడియో 2015 జులై 7న దీన్ని విడుదల చేసింది. రాకెట్ ఇంజిన్ పెట్టిన కార్లతో పెద్ద బంతిని కొట్టే ఫుట్‌బాల్ ఇది. మ్యాచ్ 5 నిమిషాలు. 2020 సెప్టెంబర్ 23 నుంచి ఉచితం. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, ఛాంపియన్, గ్రాండ్ ఛాంపియన్ అని ఏడు మెట్లు, ఒక్కో మెట్టులో మూడేసి ర్యాంకులు, అన్నిటికీ పైన సూపర్‌సోనిక్ లెజెండ్. మొత్తం 22. డబ్బు పెట్టి కొనే కార్లు, చక్రాలు, రంగుల వల్ల కారు వేగం పెరగదు, బంతికి తగిలే దెబ్బా పెరగదు. మీ కారుకు ఉన్న ఇంజినే ప్రపంచ విజేత కారుకూ ఉంటుంది. ఈ ఆట నాకు ఇంతగా నచ్చడానికి అది పెద్ద కారణం. ఇక్కడ నేర్చుకున్నది ఏ అప్‌డేట్‌తోనూ పనికిరాకుండా పోదు.

మొదటి అడుగు: సెట్టింగ్స్ ఒక్కసారి సరిచేసి వదిలేయండి

కెమెరాతో మొదలుపెట్టండి. కెమెరా షేక్ వెంటనే ఆపేయండి. ఎవరైనా బంతిని గట్టిగా కొట్టినప్పుడల్లా స్క్రీన్ ఊగుతుంటే బంతి ఎటు పోతోందో కనిపించదు. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (మైదానం ఎంత వెడల్పుగా కనిపించాలో) 110 పెట్టండి, దాదాపు ప్రొఫెషనల్ ఆటగాళ్లందరూ వాడేది అదే. దూరం 260 నుంచి 280, ఎత్తు 100 నుంచి 110, కోణం మైనస్ 3 నుంచి మైనస్ 5, స్టిఫ్‌నెస్ 0.40 నుంచి 0.50 మధ్య ఎక్కడున్నా బాగానే ఉంటుంది. మొదటి రోజు వింతగా అనిపిస్తుంది. వారం పాటు మార్చకండి, కళ్లు అలవాటు పడతాయి.

కంట్రోలర్ వాడేవాళ్లు బటన్లు ఒకసారి చూసుకోవాలి. ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో జంప్, బూస్ట్ (రాకెట్‌తో వేగం పెంచడం), పవర్‌స్లయిడ్ (చక్రాలు జారుతూ తిరగడం) మూడూ బొటనవేలి కింద ఉండే బటన్ల మీదే వస్తాయి. బూస్ట్ నొక్కుతూనే జంప్ చేయాలన్నా, పవర్‌స్లయిడ్ వాడాలన్నా ఒక్క బొటనవేలు చాలదు. పవర్‌స్లయిడ్‌నూ, గాల్లో కారును పక్కకు దొర్లించే ఎయిర్ రోల్‌నూ ఎడమ చేతి చూపుడువేలి కిందికి, అంటే ఎల్‌1 మీదికి మార్చుకోండి. చాలామంది బూస్ట్‌ను కూడా ఆర్‌1 మీదికి మారుస్తారు. ఈ మార్పు ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, పాత అలవాటు ముదిరాక చేతులు మాట వినవు.

కంట్రోలర్ డెడ్‌జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోదో ఆ హద్దు) 0.05 నుంచి 0.10 మధ్య పెట్టండి. స్టిక్ పాతబడి దానంతటదే ఒక పక్కకు లాగుతుంటే కొంచెం పెంచుకోవాలి. డాడ్జ్, అంటే ఫ్లిప్, డెడ్‌జోన్ మాత్రం 0.70 పైన ఉంచండి. లేకపోతే నిటారుగా రెండుసార్లు ఎగరాలనుకున్నప్పుడు వేలు కాస్త వంగినా కారు పల్టీ కొట్టేస్తుంది.

కీబోర్డు, మౌస్ మాత్రమే ఉన్నాయా? దిగులు పడకండి. 2019లో అమెరికాలోని న్యూవర్క్‌లో రెనో వైటాలిటీ జట్టుతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఫ్రెంచ్ ఆటగాడు ఫెయిరీ పీక్ ఆడింది కీబోర్డు, మౌస్‌తోనే.

కారు ఆక్టేన్ గానీ ఫెనెక్ గానీ తీసుకోండి. కార్లు ఎన్ని ఉన్నా బంతికి తగిలే కనిపించని పెట్టెలు, అంటే హిట్‌బాక్స్‌లు, ఆరు రకాలే. ఈ రెండు కార్లకూ ఒకే హిట్‌బాక్స్. ఒక కారు ఎంచుకున్నాక కనీసం కొన్ని నెలలు దాన్నే నడపండి.

మన దగ్గర హాస్టళ్లలో, ఇళ్లలో వైఫై మీద ఆడేవాళ్లే ఎక్కువ. పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో) 60 ఉన్నా నిలకడగా ఉంటే ఆడొచ్చు. 30కీ 150కీ మధ్య గెంతుతుంటే బంతి ఉన్నచోట ఉండదు, మీరు కొట్టింది తగలదు. వీలైతే రౌటర్ నుంచి కేబుల్ లాగండి. మ్యాచ్ వెతికేటప్పుడు రీజియన్ల జాబితాలో పింగ్ తక్కువ చూపించేవాటినే టిక్ చేయండి. పీసీలో వర్టికల్ సింక్ ఆపేసి, గ్రాఫిక్స్ తగ్గించి, ఫ్రేమ్‌రేట్ పెంచుకోండి. గడ్డి అందంగా కనిపించకపోయినా నష్టం లేదు.

రెండో అడుగు: బంతి లేకుండా కారు నడపడం

ఫ్రీ ప్లే (ఒంటరిగా సాధన చేసుకునే మోడ్) తెరిచి బంతిని పట్టించుకోకుండా పది నిమిషాలు కారు మాత్రమే నడపండి. ఎవరూ చేయరు గానీ, నడవడం రానివాడికి పరుగు ఎలా వస్తుంది? గోడ ఎక్కండి, గోడ మీద మలుపు తిరగండి, దిగండి. దిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకేసారి నేలకు తగిలేలా కారును గాల్లోనే సర్దుకోండి. తగిలే క్షణంలో పవర్‌స్లయిడ్ నొక్కి ఉంచితే కారు పక్కకు చూస్తూ దిగినా వేగం పోదు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మ్యాచ్‌లో మీరు ప్రతిసారీ ప్రత్యర్థి కంటే అర సెకను ముందుంటారు.

తర్వాత హాఫ్ ఫ్లిప్. బంతి మీ వెనక్కి వెళ్లిపోయినప్పుడు పెద్ద మలుపు తీసుకుని తిరిగి రావడం కంటే ఇది చాలా వేగం. ఇలా చేయాలి: స్టిక్ వెనక్కి లాగి జంప్ రెండుసార్లు కొట్టండి, కారు వెనక్కి పల్టీ మొదలుపెడుతుంది. వెంటనే స్టిక్‌ను పూర్తిగా ముందుకు తోసి పట్టుకుంటే పల్టీ సగంలో ఆగి, కారు తలకిందులుగా వెనక దిక్కుకు తిరిగి ఉంటుంది. ఇప్పుడు ఎయిర్ రోల్ నొక్కి పక్కకు తిప్పితే చక్రాలు నేల వైపు వస్తాయి. మూడు పనులూ కలిపి సెకను పైన కొంచెం. మొదట్లో స్టిక్ ముందుకు తోయడం ఆలస్యమవుతుంది, కారు పూర్తి పల్టీ కొట్టేస్తుంది. అలా అవుతుంటే వేలిని ఇంకా త్వరగా కదపండి.

ఫ్లిప్ గురించి ఒక నియమం గుర్తు పెట్టుకోండి. మొదటి జంప్ తర్వాత సుమారు ఒకటింబావు సెకను లోపు రెండో జంప్ వాడకపోతే ఆ అవకాశం పోతుంది. వాడేస్తే, పల్టీ పూర్తయ్యేదాకా కారు పూర్తిగా మీ చేతిలో ఉండదు. అందుకే బంతి దగ్గరికి వేగంగా చేరాలని తొందరపడి దాని ముందే ఫ్లిప్ కొట్టడం చాలా ఖరీదైన తప్పు. ప్రత్యర్థి బంతిని కాస్త పక్కకు నెట్టాడంటే మీరు గాల్లో చూస్తూ ఉండాల్సిందే. బంతికి దూరంగా ఉన్నప్పుడు వేగం కోసం ఫ్లిప్ వాడండి, దగ్గరికొచ్చాక చక్రాల మీదే ఉండండి.

మూడో అడుగు: బంతిని అనుకున్న చోటికి కొట్టడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బంతి ఎటు వెళుతుందనేది కారులో ఏ భాగం బంతిని ఎక్కడ తాకింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తాకిన చోటు నుంచి బంతి మధ్యలోకి ఒక గీత గీస్తే, సుమారుగా ఆ గీత వెంటే బంతి పోతుంది. ఎడమకు పంపాలంటే బంతిని కుడి పక్క నుంచి తాకాలి. పైకి లేపాలంటే కింది భాగాన్ని తాకాలి. ఇది తెలిసినా మ్యాచ్‌లో మనం బంతి వైపు నేరుగా వెళ్లి గుద్దేస్తాం. బంతి ఎక్కడుందో చూసి బయల్దేరకుండా, ఏ పక్క నుంచి తాకాలో ముందే తేల్చుకుని ఆ పక్కకు కొంచెం చుట్టు తిరిగి వెళ్లడం అలవాటు చేసుకోవాలి.

ఫ్రీ ప్లేలో ఇలా సాధన చేయండి. బంతిని గట్టిగా గోడకు కొట్టండి. అది తిరిగి వచ్చేలోపు మీరూ అటే వెళ్లండి, రెండోసారి నేలకు తగలకముందే మళ్లీ కొట్టండి. ఆగకండి. తప్పితే తప్పింది, బంతి ఎక్కడుంటే అక్కడికే వెళ్లి కొనసాగించండి, రీసెట్ బటన్ జోలికి పోవద్దు. మ్యాచ్‌లో బంతి రీసెట్ కాదు కదా. మొదటి అయిదు నిమిషాలు ఫ్లిప్ లేకుండా, తర్వాతి అయిదు నిమిషాలు బూస్ట్ లేకుండా చేయండి. ఫ్రీ ప్లేలో బూస్ట్ ఎంత వాడినా అయిపోదు కాబట్టి చాలామంది దానికి అలవాటుపడి, మ్యాచ్‌లో ట్యాంకు ఖాళీ కాగానే తెల్లమొహం వేస్తారు.

బంతి గాల్లో ఉన్నప్పుడు దాని సరిగ్గా కింద నేల మీద ఒక వలయం కనిపిస్తుంది. చాలామంది ఏళ్ల తరబడి ఆడుతూ కూడా దాన్ని చూడరు. బంతి ఎత్తు మన కంటిని మోసం చేస్తుంది, ఆ వలయం మోసం చేయదు. అది కదిలే దిక్కు చూసి, అది చేరబోయే చోటికి ముందే చేరుకోండి.

ఇక మొదటి టచ్. వేగంగా వచ్చే బంతిని అంతే వేగంగా ఎదురెళ్లి గుద్దితే అది ప్రత్యర్థికి బహుమతిగా వెళుతుంది. బంతి కిందికి దిగే సమయానికి మీరూ అదే దిక్కులో, దాదాపు అదే వేగంతో వెళుతుంటే అది కారు పైకప్పు మీద మెత్తగా ఆగుతుంది. అక్కడి నుంచి డ్రిబుల్ చేయొచ్చు, పక్క మనిషికి ఇవ్వొచ్చు, ఫ్లిప్‌తో గోల్ వైపు విసరొచ్చు. పైకప్పు మీద బంతి పెట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడం వచ్చిందంటే ప్లాటినంలో మిమ్మల్ని ఆపేవాళ్లు తక్కువే ఉంటారు. ఫ్లిప్ రీసెట్ కంటే ఇది పది రెట్లు ఉపయోగం.

ట్రైనింగ్ ప్యాక్‌లు (సాధన కోసం ముందే సిద్ధం చేసిన షాట్ల సెట్లు) కూడా వాడండి, కానీ వరుసగా యాభై షాట్లు కొట్టేసి మూసేయొద్దు. ఒకే షాట్‌ను ఇరవైసార్లు కొట్టి, ఎందుకు పైకి వెళ్లింది, ఎందుకు స్తంభానికి తగిలింది అని గమనించడంలోనే లాభం ఉంది. షూటింగ్ ప్యాక్ ఒకటి ఆడితే గోల్‌కీపింగ్ ప్యాక్ ఒకటి ఆడండి. సేవ్ చేయడం ఎవరూ సాధన చేయరు కాబట్టి, అది బాగా వచ్చిన ఆటగాడు కింది ర్యాంకుల్లో బంగారం లాంటివాడు.

నాలుగో అడుగు: బూస్ట్ లెక్క

ట్యాంకు నిండా 100 ఉంటుంది. బటన్ నొక్కి ఉంచితే సరిగ్గా 3 సెకన్లలో ఖాళీ. కిక్‌ఆఫ్‌లో, అంటే మధ్యలో బంతి పెట్టి ఆట మొదలుపెట్టేటప్పుడు, మీకు ఇచ్చేది 33, అంటే ఒక్క సెకను. మైదానంలో బూస్ట్ నింపే పెద్ద ప్యాడ్‌లు 6 ఉంటాయి, నాలుగు మూలల్లో నాలుగు, మధ్య గీత రెండు చివర్లలో రెండు. ఒక్కోటి ట్యాంకును 100కు నింపుతుంది, తీసుకున్న 10 సెకన్లకు మళ్లీ వస్తుంది. చిన్న ప్యాడ్‌లు 28. ఒక్కోటి 12 ఇస్తుంది, 4 సెకన్లకే మళ్లీ వస్తుంది.

ఈ అంకెల్లోనే పాఠం ఉంది. చిన్నవి మూడు తొక్కితే 36. ఒక షాట్‌కో, ఒక సేవ్‌కో అది చాలు. పైగా అవి మనం వెనక్కి వచ్చే దారిలోనే ఉంటాయి. పెద్ద ప్యాడ్ కోసం మూలకు వెళితే ఆ రెండు సెకన్లు మీరు ఆటలో లేనట్టే. గోల్డ్, ప్లాటినం మ్యాచ్‌ల రీప్లే చూడండి, గోల్ పడిన సమయానికి డిఫెండర్ ఎక్కడున్నాడా అని వెతికితే తరచుగా మూలలో బూస్ట్ నింపుకుంటూ కనిపిస్తాడు. చిన్న ప్యాడ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫ్రీ ప్లేలో తిరుగుతూ కంఠస్థం చేయండి. గోల్ నుంచి గోల్‌కు వాటి మీదుగా వెళ్లే దారి కళ్లు మూసుకున్నా తెలియాలి.

బూస్ట్ లేకుండా యాక్సిలరేటర్ మాత్రమే నొక్కితే కారు తన గరిష్ఠ వేగంలో దాదాపు 60 శాతమే అందుకుంటుంది. మిగతాది బూస్ట్‌తో అయినా తెచ్చుకోవాలి, ముందుకు ఫ్లిప్ కొట్టి అయినా తెచ్చుకోవాలి. ఫ్లిప్ ఉచితం. వెనక్కి డిఫెన్స్‌కు వచ్చేటప్పుడు ఫ్లిప్‌తో రండి, బూస్ట్ దాచుకోండి. చక్రాల వెనక తెల్లటి గీతలు కనిపిస్తున్నాయంటే మీరు సూపర్‌సోనిక్ వేగంలో ఉన్నట్టు. అప్పుడు కూడా బూస్ట్ నొక్కుతూ ఉండడం వృథా. వేలు తీసేయండి, యాక్సిలరేటర్ మీద ఉంటే ఆ వేగం నిలుస్తుంది.

అయిదో అడుగు: రొటేషన్

గల్లీ క్రికెట్‌లో బంతి గాల్లోకి లేచినప్పుడు ఇద్దరు ఫీల్డర్లు పరిగెత్తుకొచ్చి, ఇద్దరిలో ఒక్కరూ ‘నాది’ అని అరవకుండా గుద్దుకుని క్యాచ్ వదిలేయడం చూసే ఉంటారు. రాకెట్ లీగ్ కింది ర్యాంకుల్లో ప్రతి నిమిషం జరిగేది అదే. తేడా ఏమిటంటే ఇక్కడ క్యాచ్ పోవడంతో ఆగదు, వెనక గోల్ కూడా ఖాళీ.

ఇద్దరిద్దరు ఆడే టూస్ తీసుకుందాం. ఏ క్షణంలో అయినా ఒకరు బంతి మీద ఉండాలి, మరొకరు వెనక ఉండాలి. బంతి మీద ఉన్న మనిషి కొట్టేశాక, లేదా ఓడిపోయాక, అక్కడే తచ్చాడకుండా పక్కకు తప్పుకుని వెనక్కి రావాలి. వెనక ఉన్న మనిషి ముందుకు వెళ్లాలి. రొటేషన్ అంటే ఇంతే. చెప్పడం తేలిక, చేయడం కష్టం, ఎందుకంటే బంతి కళ్లముందు మూడు కార్ల దూరంలో ఉన్నప్పుడు వదిలేసి వెనక్కి తిరగడానికి మనసొప్పదు. ఆ ‘ఇంకొక్కసారి కొడదాం’ అనే కోరికే మన ర్యాంకును పట్టి ఉంచేది.

వెనక్కి ఎలా రావాలి? బంతి మీ గోల్‌కు కుడివైపు ఉంటే, మీరు ఎడమ స్తంభం వైపు రండి. అంటే బంతికి దూరంగా ఉన్న స్తంభం. బ్యాక్ పోస్ట్ అనేది దీన్నే. అలా వస్తే మైదానమంతా మీ ముందు కనిపిస్తుంది, బంతి గోల్ మీదికి వచ్చినప్పుడు దానికి ఎదురుగా ఉండి బయటికి కొట్టగలరు. దగ్గరి స్తంభం వైపు వస్తే బంతిని మీరే సొంత గోల్‌లోకి నెట్టే ప్రమాదం, పక్కవాడికి అడ్డుపడే ప్రమాదం రెండూ ఉంటాయి. దారిలో చిన్న ప్యాడ్‌లు తొక్కుతూ రండి.

వెనక ఉన్న మనిషి గోల్‌లో నిలబడిపోవాలా? వద్దు. బంతి ప్రత్యర్థి మూలలో ఉంటే మీరు మధ్య గీత దగ్గర, కదులుతూ ఉండాలి. బంతి మధ్యలోకి వస్తే కొట్టేంత దగ్గరగా, తల మీదుగా వెనక్కి పోతే అందుకునేంత దూరంగా. ఆ దూరం ఎంతో కొలిచి చెప్పడం కుదరదు, అది ప్రత్యర్థి దగ్గర ఎంత బూస్ట్ ఉంది, ఎటు చూస్తున్నాడు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేసుకుంటూ ఉండండి: నేనిప్పుడు వెళ్లి బంతి అందుకోలేకపోతే, నా వెనక ఎవరున్నారు? ఎవరూ లేకపోతే, కచ్చితంగా ముందు తగులుతానన్న నమ్మకం ఉంటేనే వెళ్లండి.

ప్రత్యర్థి బంతితో మీ వైపు వస్తుంటే ఎదురెళ్లి మీద పడకండి. అతనికి కావాల్సిందే అది, మిమ్మల్ని దాటించి ఖాళీ గోల్‌లో వేస్తాడు. అతనికీ మీ గోల్‌కూ మధ్య ఉంటూ, అతను వస్తున్న దిక్కులోనే మీరూ వెనక్కి కదులుతూ, తొందర పెట్టకుండా ఉండండి. షాడో డిఫెన్స్ అంటారు. కాసేపటికి అతనే తప్పుగా కొడతాడు, లేదా బంతి కారుకు కొంచెం దూరమవుతుంది. కదలాల్సింది ఆ క్షణంలో. నా దృష్టిలో ఆటలో అన్నిటికంటే విలువైన నైపుణ్యం ఇదే, హైలైట్ వీడియోల్లో మాత్రం ఎప్పుడూ కనిపించదు.

కిక్‌ఆఫ్‌లో బంతికి ఎవరు దగ్గర ఉంటే వాళ్లు వెళ్లాలి. ఇద్దరూ సమాన దూరంలో ఉంటే ఎడమవైపు ఉన్నవాళ్లు వెళ్లడం ఆనవాయితీ. అయినా అపరిచితులతో ఆడేటప్పుడు క్విక్ చాట్‌లో (ఒక్క నొక్కుతో పంపే సిద్ధ సందేశాలు) ‘ఐ గాట్ ఇట్’ పంపితే అనుమానం ఉండదు. వెళ్లేటప్పుడు బంతి మధ్యకు మీ కారు ముక్కు తగిలేలా ఫ్లిప్ కొట్టండి. గెలవకపోయినా పర్వాలేదు, బంతి మీ వెనక్కి నేరుగా పోకుండా ఉంటే చాలు.

ముగ్గురు ఆడే త్రీస్‌లోనూ సూత్రం ఇదే, ఒక మనిషి పెరుగుతాడు. అందరికంటే వెనక ఉన్న మూడో మనిషి ఓపిక మీద జట్టు నిలబడుతుంది.

ఆరో అడుగు: ఇప్పుడు గాల్లోకి

పై పనులు ఓ మోస్తరుగా వచ్చాక ఫాస్ట్ ఏరియల్ నేర్చుకోండి. మొదటి జంప్ బటన్‌ను నొక్కి పట్టుకోండి, అదే సమయంలో స్టిక్ వెనక్కి లాగి కారు ముక్కు పైకి లేపండి, బూస్ట్ మొదలుపెట్టండి. వెంటనే స్టిక్ వదిలేసి రెండో జంప్ కొట్టండి, బూస్ట్ ఆపకండి. రెండో జంప్ సమయంలో స్టిక్ ఇంకా వెనక్కే ఉంటే కారు వెనక్కి పల్టీ కొడుతుంది, అందరూ చిక్కుకునేది ఇక్కడే. స్టిక్ వదలడం, జంప్, మళ్లీ స్టిక్ పట్టుకోవడం అనే లయ వేళ్లకు ఎక్కాలి.

తర్వాత బూస్ట్‌ను గాల్లో చిన్న చిన్న నొక్కులుగా వాడడం నేర్చుకోండి. నొక్కి పట్టుకుంటే బంతిని దాటి వెళ్లిపోతారు. ఎయిర్ రోల్ లెఫ్ట్, రైట్‌లలో ఏదో ఒకదానికి విడిగా బటన్ పెట్టుకుని దాంతోనే సాధన చేయండి. గోడ నుంచి లేచి బంతిని కొట్టడం, వెనక గోడకు తగిలి వచ్చే బంతిని గోల్ ముందు అందుకోవడం, ఎత్తుగా వచ్చే బంతిని సేవ్ చేయడం వచ్చాయంటే ఛాంపియన్ ర్యాంకు అందుబాటులో ఉన్నట్టే. సీలింగ్ షాట్లు (మైదానం పైకప్పు నుంచి దిగుతూ కొట్టేవి), ఫ్లిప్ రీసెట్లు సరదా కోసం ఫ్రీ ప్లేలో ప్రయత్నించండి, సరదా లేకపోతే ఆట ఎందుకు? ర్యాంకు మ్యాచ్‌లో మాత్రం పక్కవాడి సమయాన్ని గౌరవించండి.

ఏడో అడుగు: ఓడిన మ్యాచ్ మళ్లీ చూడండి

మ్యాచ్ అయిపోగానే రీప్లే సేవ్ చేసుకోవచ్చు. మొత్తం చూడక్కర్లేదు. మీ మీద పడిన గోల్స్ మాత్రమే చూడండి, ఒక్కో గోల్ నుంచి పది పదిహేను సెకన్లు వెనక్కి జరపండి. గోల్ పడిన క్షణంలో సేవ్ తప్పినవాడి మీద నెపం వేయడం తేలిక. కానీ కథ ఎక్కువసార్లు అంతకు ముందే మొదలవుతుంది: ఎవరో ఒకరు అక్కర్లేని బంతి మీదికి వెళ్లారు, లేదా ఉన్న బంతిని ప్రత్యర్థి కాళ్ల ముందుకే కొట్టారు. ఆ మొదటి తప్పు దగ్గర ఆపి, అప్పుడు మీరు ఎక్కడున్నారో చూడండి. మీ బూస్ట్ ఎంత? ఎటు చూస్తున్నారు? పక్కవాడి తప్పే అయినా, మీరు ఇంకో చోట ఉంటే ఆ గోల్ ఆగేదా? జవాబును ఒక వాక్యంలో రాసుకోండి. వారం తర్వాత ఆ వాక్యాలు చదివితే ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వచ్చే వారం సాధన దాని మీదే.

ఆ తర్వాత అదే గోల్‌ను ప్రత్యర్థి కెమెరాలోంచి చూడండి. మీరు ఎంత ఖాళీ వదిలారో అతని కంటితో చూస్తేనే అర్థమవుతుంది.

ప్రపంచ స్థాయి పోటీలైన ఆర్‌ఎల్‌సీఎస్ మ్యాచ్‌లు చూసేటప్పుడు కూడా ఒక పని చేయండి. బంతిని చూడకండి. ఒక జట్టులో వెనక ఉన్న ఆటగాడిని ఎంచుకుని రెండు నిమిషాలు అతన్నే గమనించండి. ఎంత తక్కువ తొందరపడతాడో, ఎన్ని చిన్న ప్యాడ్‌లు తొక్కుతాడో, ఎన్నిసార్లు బంతి వైపు వెళ్లబోయి ఆగుతాడో చూడండి.

ఎనిమిదో అడుగు: టెన్షన్, సమయం

వరుసగా రెండు మ్యాచ్‌లు ఓడి కోపం వస్తే ర్యాంక్డ్ ఆపేయండి. మూడోది గెలిచి లెక్క సరిచేద్దామని కూర్చుంటే రాత్రికి రాత్రే డివిజన్లు (ర్యాంకులోని చిన్న మెట్లు) జారిపోతాయి. ఫ్రీ ప్లేకి వెళ్లండి, లేదా నీళ్లు తాగి నిద్రపోండి. తప్పు చేసిన పక్కవాడికి ‘వాట్ ఎ సేవ్’ అని వెటకారంగా పంపడం ఈ ఆటలో పెద్ద జబ్బు. పంపకండి. ఎదుటివాళ్లు పంపితే చాట్ ఆపేయండి. అపరిచితుడైన ఆ పక్కవాడు మిగిలిన మూడు నిమిషాలు మనసు పెట్టి ఆడాలంటే మీ మంచి మాట కావాలి.

రెండు గోల్స్ వెనకబడగానే ఫర్‌ఫీట్ (ఓటమి ఒప్పుకుని ఆట ఆపేయడం) ఓటు వేయడం కూడా మానండి. గడియారం సున్నాకు వచ్చినా బంతి నేలను తాకేదాకా ఆట ముగియదు. 2018 జూన్‌లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఎన్‌ఆర్‌జీ జట్టు ఆటగాడు జస్టిన్ సరిగ్గా అలా, గడియారం సున్నా మీద ఉండగా, డిగ్నిటాస్ జట్టు మీద స్కోరు సమం చేశాడు. చివరికి కప్పు డిగ్నిటాస్‌దే అయినా, ఆ గోల్‌ను ఈ ఆట అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రోజుకు గంటే దొరుకుతుందా? మొదటి పదిహేను నిమిషాలు ఫ్రీ ప్లే, తర్వాత పది నిమిషాలు ఒకే ఒక్క ట్రైనింగ్ ప్యాక్, ఆపై నాలుగైదు మ్యాచ్‌లు. వారంలో ఒకరోజు మ్యాచ్‌ల బదులు రీప్లేలు. పరీక్షలున్న వారాల్లో ఫ్రీ ప్లే ఒక్కటీ చేసినా చేతి వాటం పోదు.

వారానికి కొన్ని వన్స్ మ్యాచ్‌లు కూడా ఆడండి. అక్కడ ఒకరికొకరే, పక్కవాడు ఉండడు, కాబట్టి నెపానికీ చోటుండదు. ఫ్లిప్ ఎక్కడ వృథా చేశారో, బూస్ట్ ఎక్కడ అయిపోయిందో వెంటనే గోల్ రూపంలో కనిపిస్తుంది. మీ వన్స్ ర్యాంకు టూస్ కంటే తక్కువగా ఉంటుంది, దాదాపు అందరికీ అంతే, ఒక్కో విభాగానికి ర్యాంకు వేరు కాబట్టి దాని వల్ల మీ టూస్‌కు నష్టం లేదు. మొదటి అయిదు మ్యాచ్‌లలో ఒకటే పని పెట్టుకోండి: బంతి మీద నుంచి ప్రత్యర్థి కారు మీదికి చూపు మార్చి, అతను ఫ్లిప్ వాడేశాడా లేదా గమనించడం. వాడేశాడంటే మీకు సెకనుకు పైగా ఖాళీ దొరికినట్టే. అప్పుడు బంతిని గుద్దకండి, మెత్తగా ముందుకు తోసి పైకప్పు మీదికి తెచ్చుకోండి.